సమురాయ్ సినిమా: డిస్కు కొనేముందు, కొన్నాక

పాత జపాన్ సమురాయ్ (కత్తియోధుల) సినిమాలను చెడ్డ డిస్కులో చూడటం కన్నా చూడకపోవడమే మేలు. మాట కటువుగా ఉన్నా నా అభిప్రాయం అదే. మన జానపద చిత్రాల్లో కాంతారావు కత్తి దూస్తే పోరు మెట్ల మీద, బురుజుల మీద, రీలు పొడవునా సాగేది. గీతలు పడ్డ ప్రింటులో చూసినా ఆ సరదాకు లోటుండేది కాదు. సమురాయ్ సినిమా తీరు వేరు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక్క వేటు, అంతే. ఏమీ జరగనట్టు కనిపించే ఆ కాసేపట్లో ఎవరి మధ్య ఎంత దూరముంది, ఫ్రేము అంచున ఎవరు కదిలారు, దుమ్ము ఎటు లేచింది అన్నదే అసలు సినిమా. అంచులు కత్తిరించిన డిస్కులో ఆ దూరాలు ఉండవు. టీవీ సొంత తెలివితో బొమ్మను నున్నగా మారిస్తే దుమ్మూ ఉండదు.

కాబట్టి ఇక్కడ చెప్పే పనులన్నిటికీ లక్ష్యం ఒకటే. 1950ల నుంచి 1970ల దాకా వచ్చిన ఈ చిత్రాలు థియేటరులో ఎంత వెడల్పుతో, ఎంత వేగంతో ఆడాయో మీ ఇంట్లోనూ అలాగే ఆడాలి.

ముందు ప్లేయరు సంగతి తేల్చుకోండి

చాలామంది డిస్కు తెప్పించుకున్నాక గానీ అది తమ ప్లేయరులో ఆడదని తెలుసుకోరు. దీనికి కారణం రీజియన్ కోడ్, అంటే ఏ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే గుర్తు. డీవీడీల లెక్కలో భారతదేశం 5వ రీజియన్, అమెరికా 1, జపాన్, బ్రిటన్ రెండూ 2. బ్లూరేకు వచ్చేసరికి లెక్క మారుతుంది. అమెరికా, జపాన్ ‘ఏ’ రీజియన్. బ్రిటన్, పశ్చిమ యూరప్, ఆస్ట్రేలియా ‘బీ’. మనం, చైనా, రష్యా ‘సీ’. సమురాయ్ సినిమాలను శ్రద్ధగా విడుదల చేసే సంస్థలు దాదాపు అన్నీ ఏ, బీ రీజియన్లలోనే ఉన్నాయి. అందువల్ల మన దేశంలో కొన్న మామూలు బ్లూరే ప్లేయరు వాటిలో చాలా డిస్కులను తీసుకోదు.

మీ ముందున్న దారులు ఇవి.

మొదటిది, 4కె అల్ట్రా హెచ్‌డీ ప్లేయరు. 4కె డిస్కులకు రీజియన్ కోడ్ లేదు. అమెరికాలో కొన్నదైనా, బ్రిటన్‌లో కొన్నదైనా ఎక్కడైనా ఆడుతుంది. అయితే ఒక మెలిక ఉంది. 4కె పెట్టెలో సాధారణంగా ఒక మామూలు బ్లూరే కూడా ఉంటుంది, వ్యాఖ్యానాలు, ఇంటర్వ్యూల వంటి అదనపు విశేషాల్లో ఎక్కువ భాగం దాని మీదే ఉంటాయి. ఆ బ్లూరేకు మాత్రం రీజియన్ కోడ్ ఉండవచ్చు. సినిమా ఆడి, విశేషాలు ఆడకపోతే డిస్కు పాడైందని అనుకోకండి.

రెండవది, అన్ని రీజియన్లకూ పనికొచ్చేలా మార్చిన ప్లేయరు. డీవీడీ ప్లేయర్లలో చాలావాటిని రిమోటు మీద కొన్ని అంకెలు నొక్కి మార్చుకోవచ్చు. బ్లూరేకు ఆ సదుపాయం అరుదు. లోపలి భాగాలను మార్చి అమ్మే విక్రేతల దగ్గరే కొనాలి. ఖరీదు ఎక్కువైనా, పాతిక ముప్పై డిస్కులు పోగుచేసే ఉద్దేశం ఉంటే ఈ ఖర్చు పెట్టవచ్చు. నాలుగైదు సినిమాలతో ఆపేసేవారికి అనవసరం.

మూడవది, అమెరికాలో ఉన్న బావమరిదో మేనకోడలో వస్తూ తెచ్చే ప్లేయరు. దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు ముందు చదవండి. 120 వోల్టులు మాత్రమే అని రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. పెడితే ఆ సాయంత్రమే దాని ఆయువు తీరుతుంది. 100 నుంచి 240 అని ఉంటే ప్లగ్గు పిన్ను మార్చుకుంటే సరిపోతుంది.

కంప్యూటర్ డ్రైవులో చూస్తామనేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. డీవీడీ డ్రైవు రీజియన్‌ను మార్చే అవకాశం మొత్తం ఐదుసార్లే. ఆ తర్వాత చివరిగా పెట్టిన రీజియన్‌లోనే అది స్థిరపడిపోతుంది. ఆటల కన్సోల్‌లో చూసేవారికీ ఇదే చిక్కు: 4కె డిస్కుకు అడ్డులేదు, బ్లూరేకు మాత్రం ఆ కన్సోల్ ఏ దేశంలో అమ్మినదో ఆ రీజియనే వర్తిస్తుంది.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి

అందరూ ‘సెవెన్ సమురాయ్’తో మొదలుపెట్టమంటారు. నేను అననుఁ గాక అనను. అది గొప్ప సినిమా కాబట్టే మొదట చూడకూడదు. 207 నిమిషాల నిడివి, అలవాటు లేని పేర్లు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు. ఈ లోకంతో కొంచెం పరిచయమయ్యాక చూస్తే అందులోని మనుషులు ఒక్కొక్కరూ విడివిడిగా గుర్తుంటారు.

అకిరా కురొసావా తీసిన ‘యోజింబో’తో (1961) మొదలుపెట్టండి. 110 నిమిషాలు. ఒక ఊరు, రెండు ముఠాలు, మధ్యలో అద్దెకు దొరికే ఖడ్గధారి. తొషిరో మిఫునె భుజం గోక్కుంటూ, పుల్ల నములుతూ ఆ రెండు ముఠాలనూ ఆడించే తీరుకు నవ్వు రాకపోతే ఈ జాతి సినిమా మీకు నప్పదని అప్పుడే తేల్చుకోవచ్చు. మరుసటి వారం దాని తోబుట్టువు ‘సంజురో’ (1962) చూడండి. ఇంకా చిన్నది, ఇంకా హుషారైనది. పతాక ఘట్టంలో మిఫునె, తత్సుయా నకడాయ్ ఎదురెదురుగా నిలబడే దృశ్యం కోసమైనా మంచి డిస్కు కొనాలి. ఈ రెండూ కలిపి ఒకే పెట్టెగా దొరుకుతాయి.

తర్వాత ‘సెవెన్ సమురాయ్’ (1954). ఆ తర్వాత మసాకి కొబయాషి ‘హరాకిరి’ (1962). ఈ రెండింటి మధ్య వరుస ముఖ్యం. మొదటిది సమురాయ్‌లను ప్రేమించేలా చేస్తుంది. రెండవది వారి కుల మర్యాద వెనక ఉన్న బోలుతనాన్ని ఒక ఇంటి ముంగిట్లో పరచి చూపిస్తుంది. తలకిందులుగా చూస్తే రెండూ నష్టపోతాయి. ‘హరాకిరి’కి 1963 కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. తోరు తకెమిత్సు సంగీతంలో బివా అనే తంత్రీవాద్యం ఒక్కో మీటుకీ మధ్య ఇచ్చే వ్యవధిని గమనించండి.

ఆ పైన కిహాచి ఒకమోతో ‘సోర్డ్ ఆఫ్ డూమ్’ (1966). ఇందులో నకడాయ్ దుర్మార్గుడు కాదు, అంతకన్నా ఘోరం, మనసే గడ్డకట్టినవాడు. ఒక హెచ్చరిక: ఈ సినిమా కత్తి గాలిలో ఉండగానే బొమ్మ బిగుసుకుపోయి ముగుస్తుంది. డిస్కు ఆగిపోయిందని రిమోటు వెతకకండి. కథకు కొనసాగింపు తీయాలనుకున్నారు, తీయలేదు. ముగింపు అంతే.

ఈ ఐదూ నచ్చితే మీకు ఇక సలహాలు అక్కర్లేదు; డబ్బు కావాలి.

కథల కాలం గురించి కాస్త తెలిసి ఉంటే చూడటం సులువవుతుంది. ‘సెవెన్ సమురాయ్’ కథ 1580లలో, దేశమంతా సామంతుల యుద్ధాలతో అతలాకుతలమైన కాలంలో జరుగుతుంది. అప్పుడు కత్తికి పని ఎక్కువ, తిండి తక్కువ. ‘హరాకిరి’ 1630లో మొదలవుతుంది. అప్పటికి తొకుగావా వంశం దేశాన్ని గుప్పిట్లోకి తెచ్చుకుంది, యుద్ధాలు ఆగాయి, ఎన్నో సంస్థానాలు రద్దయ్యాయి, వాటిలో పనిచేసే యోధులు వీధిన పడ్డారు. యజమాని లేని అలాంటి సమురాయ్‌నే రోనిన్ అంటారు. ‘యోజింబో’ కథ 1860 నాటిది. ఆ వ్యవస్థ కూలడానికి ఇంకా ఎనిమిదేళ్లే ఉంది, అందుకే అందులో ఒకడి చేతిలో పిస్తోలు కనబడుతుంది. అట్ట మీద కథాకాలం రాసి ఉంటే ముందు అది చదవండి. వీరుడు ఆకలితో ఎందుకున్నాడో సగం అక్కడే తెలుస్తుంది.

అట్ట వెనక చదవాల్సినవి

దర్శకుడి పేరు, సంవత్సరం సరిచూసుకోండి. ఈ సినిమాల్లో చాలావాటిని ఇటీవలి దశాబ్దాల్లో మళ్లీ తీశారు. ‘సంజురో’ 2007లో మళ్లీ వచ్చింది, ‘హిడెన్ ఫోర్ట్రెస్’ 2008లో. ‘థర్టీన్ అసాసిన్స్’ పేరుతో ఎయిచి కుదో 1963లో తీసిన నలుపు తెలుపు చిత్రం ఒకటుంది, తకాషి మీకె 2010లో తీసిన రంగుల చిత్రం ఇంకొకటుంది. ‘హరాకిరి’ని కూడా మీకె 2011లో మళ్లీ తీశాడు. వెతికినప్పుడు ముందుగా కొత్తదే కనబడుతుంది. అవి చెడ్డవని కాదు, మీరు అనుకున్నది అది కాదు. కొన్ని చిత్రాలకు జపాన్ పేరు, ఇంగ్లీషు పేరు రెండూ వాడుకలో ఉంటాయి: ‘హరాకిరి’ అసలు పేరు ‘సెప్పుకు’, ‘సోర్డ్ ఆఫ్ డూమ్’ అసలు పేరు ‘దైబొసత్సు తోగె’. ఒకే సినిమాను రెండుసార్లు కొనకుండా ఇది కాపాడుతుంది.

తర్వాత నిడివి. విదేశాలకు పంపినప్పుడు ఈ చిత్రాలను నిర్దయగా కత్తిరించేవారు. ‘సెవెన్ సమురాయ్’ పూర్తి నిడివి 207 నిమిషాలు. 160 దగ్గర ఉన్న ప్రతి కనిపిస్తే అది ఎగుమతికి కోసిన ప్రతి. కురొసావా ‘కగెముషా’ (1980) జపాన్‌లో 180 నిమిషాలు, బయట 162. అయితే బ్రిటన్‌లో వచ్చిన డీవీడీ మీద ‘సెవెన్ సమురాయ్’కి 199 అని ఉంటే కంగారుపడకండి. అక్కడి పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో సెకనుకు 24 ఫ్రేములు ఉండాల్సిన చోట 25 పరుగెత్తుతాయి. సినిమా నాలుగు శాతం తొందరగా ముగుస్తుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. ఏ దృశ్యమూ పోదు, కానీ నింపాదిగా సాగాల్సిన నడక తొందరపడుతుంది. బ్లూరేలో ఈ బెడద లేదు. ఒకే సినిమా బ్రిటిష్ డీవీడీగానూ, బ్లూరేగానూ దొరికితే బ్లూరే తీసుకోవడానికి స్పష్టత ఒక్కటే కారణం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం ఫ్రేము కొలత. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. కురొసావా 1958లో ‘హిడెన్ ఫోర్ట్రెస్’తో మొదటిసారి వెడల్పు తెరకు మారాడు. ఆ కాలానికి జపాన్ స్టూడియోలన్నీ మారాయి: తోహో సంస్థ తోహోస్కోప్ అంది, దైయే సంస్థ దైయేస్కోప్ అంది, కొలత మాత్రం అందరిదీ దాదాపు 2.35:1. అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు రెండు పాళ్లకు పైగా. ‘యోజింబో’లో ఛాయాగ్రాహకుడు కజువో మియగావా ఈ వెడల్పును ఎలా వాడాడో చూడండి. వీధికి ఈ చివర ఒక ముఠా, ఆ చివర ఇంకో ముఠా, మధ్యలో ఎత్తైన మంచె మీద మిఫునె తీరిగ్గా కూర్చుని ఇద్దరి పిరికితనాన్నీ చూస్తుంటాడు. పాత టీవీల చదరపు తెరకు సరిపడేలా దీన్ని కత్తిరిస్తే బొమ్మలో నలభై శాతం పైగా పోతుంది. మిగిలేది ఒక ముఠా, లేదా మిఫునె. రెండు వైపులా ఒకేసారి చూస్తేనే నవ్వు వచ్చే దృశ్యం అది.

కాబట్టి వెడల్పు తెర చిత్రాలకు అట్ట మీద 2.35:1 అని గానీ 2.39:1 అని గానీ ఉండాలి. డీవీడీ అయితే 16:9 తెరకు అనువుగా చేసినదని కూడా రాసి ఉండాలి. ఆ మాట లేకపోతే ఇప్పటి టీవీలో బొమ్మ నాలుగు వైపులా నల్లటి చట్రంలో ఇరుక్కుంటుంది. ‘సెవెన్ సమురాయ్’, ‘రషోమన్’ (1950), ‘త్రోన్ ఆఫ్ బ్లడ్’ (1957) వంటివి వెడల్పు తెరకు ముందువి. వాటి కొలత 1.37:1. వాటికి టీవీలో ఎడమా కుడీ నల్ల పట్టీలు రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరుగుతోంది.

శబ్దం దగ్గర తక్కువ చెప్పవచ్చు. ఈ చిత్రాల్లో ఎక్కువ భాగం మోనో, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్‌లో. జపాన్ మోనో ట్రాకు ఉంటే చాలు. ‘హిడెన్ ఫోర్ట్రెస్’, ‘యోజింబో’, ‘సంజురో’లకు ఆ రోజుల్లోనే పర్‌స్పెక్టా అనే స్టీరియో పద్ధతి వాడారు కాబట్టి వాటికి అదనపు ట్రాకు ఉంటే అది కల్పితం కాదు. ఇంగ్లీషు డబ్బింగు ఒక్కటే ఉన్న డిస్కును వదిలేయండి. తెలుగు సబ్‌టైటిళ్ల మీద ఆశ పెట్టుకోకండి, ఇంగ్లీషుతోనే నెట్టుకురావాలి.

ఎవరి డిస్కు, ఎక్కడ కొనాలి

అమెరికాలో క్రైటీరియన్ కలెక్షన్ ఈ రంగంలో పెద్దన్న. కురొసావా, కొబయాషి, ఒకమోతో, హిదెఓ గోషా చిత్రాలు, కింద చెప్పబోయే పెద్ద వరుసలు దాని దగ్గరున్నాయి. బ్రిటన్‌లో బీఎఫ్‌ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) కురొసావాను బాగా విడుదల చేసింది. యురేకా సంస్థ మాస్టర్స్ ఆఫ్ సినిమా వరుస, ఆరో, రేడియన్స్ కూడా బ్రిటన్‌వే. అంతగా పేరు వినబడని దర్శకుల కోసం అటు చూడాలి. అమెరికాకు చెందిన ఎనిమీగో పాత డీవీడీలు ఎక్కడైనా సెకండ్‌హ్యాండులో కనబడితే తీసుకోండి. మాటలకు, తెర మీది రాతలకు, ఆచారాల వివరణలకు వేర్వేరు రంగుల్లో సబ్‌టైటిళ్లు వేసేవారు వాళ్లు. కొందరికి అది గజిబిజి, నాకు మాత్రం ముచ్చట.

‘సెవెన్ సమురాయ్’ డెబ్బై ఏళ్లు నిండిన 2024లో తోహో 4కె రూపంలో దాన్ని పునరుద్ధరించింది. ఆ ఏడాది కాన్‌లో ప్రదర్శించారు, ఆపైన క్రైటీరియన్, బీఎఫ్‌ఐ రెండూ 4కె డిస్కుగా తెచ్చాయి. 4కె ప్లేయరు, పెద్ద టీవీ ఉంటే తీసుకోండి. మీ దగ్గర పాత క్రైటీరియన్ బ్లూరే ఉండి, టీవీ నలభై మూడు అంగుళాలదైతే ఆ డబ్బుతో ఇంకో రెండు సినిమాలు కొనడం తెలివైన పని.

జపాన్ నుంచే నేరుగా తెప్పించుకుందామనే ఆలోచన అందరికీ ఒకసారి వస్తుంది. వాటి ధర ఎక్కువ, పైగా చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉండవు. జపాన్ భాష వచ్చినవారికి తప్ప మిగతావారికి సిఫారసు చేయను.

క్రైటీరియన్ బ్లూరే అసలు ధర సాధారణంగా 39.95 డాలర్లు, 4కె అయితే 49.95. ఆ ధరకు ఎప్పుడూ కొనకండి. అమెరికాలోని బార్న్స్ అండ్ నోబుల్ పుస్తక దుకాణాలు ఏటా జులైలోనూ నవంబరులోనూ సగం ధరకు అమ్మడం ఆనవాయితీ. క్రైటీరియన్ తానే ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక్కరోజు సగం ధర అమ్మకం పెడుతుంది. కాబట్టి సంక్రాంతికి ఇంటికొచ్చే చుట్టాలకు జాబితా నవంబరులోపు పంపండి. పంపేటప్పుడు సినిమా పేరు ఒక్కటే కాకుండా సంస్థ, సంవత్సరం, బ్లూరేనా 4కెనా అన్నది స్పష్టంగా రాయండి. లేకపోతే వాళ్లు ప్రేమగా 2010 నాటి ‘థర్టీన్ అసాసిన్స్’ తెస్తారు, మీరు నవ్వుతూ తీసుకోవాలి. కొరియర్‌లో తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, దాని మీద కొరియర్ సంస్థ సేవా రుసుము వేరుగా పడతాయి. ఆ లెక్క వేశాకే చవకో ఖరీదో తేల్చండి.

దొంగ ముద్రణలను గుర్తుపట్టడం కష్టం కాదు. అట్ట మీద విడుదల చేసిన సంస్థ పేరు లేకపోవడం, ఒకే డిస్కు మీద నాలుగైదు సినిమాలు, అన్ని రీజియన్లకూ పనిచేస్తుందని పెద్ద అక్షరాలతో రాయడం, డిస్కు అడుగు భాగం వెండి రంగులో కాక ఊదాగానో నీలంగానో ఉండటం. వీటిలో రెండు కనబడితే వెనక్కి పెట్టేయండి. ఇలాంటి వాటిలో బొమ్మ తరచుగా పాత వీడియో టేపు నుంచి ఎత్తినదే అయి ఉంటుంది.

టీవీని దారిలో పెట్టండి

దుకాణం నుంచి వచ్చిన టీవీ క్రికెట్ మ్యాచ్‌కు సిద్ధంగా ఉంటుంది, సమురాయ్ సినిమాకు కాదు. మొదట మోషన్ స్మూతింగ్ ఆపండి. సోనీలో దీని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ. సినిమాలో సెకనుకు ఉన్నవి 24 ఫ్రేములే. ఈ సదుపాయం మధ్యలో లేని ఫ్రేములను ఊహించి తయారుచేసి దూర్చుతుంది. ఒర నుంచి కత్తి వెలువడే ఆ క్షణార్ధంలో అసలు ఉండాల్సింది ఒక మసక చార. దాన్ని టీవీ సాగదీసి జారుడు కదలికగా మారుస్తుంది. వేటులోని పదును అక్కడే పోతుంది.

రెండవది నాయిస్ రిడక్షన్. పూర్తిగా ఆపండి. ఫిల్ము మీద సన్నగా కదిలే రేణువులు, అంటే గ్రెయిన్, మురికి కాదు. బొమ్మ తయారైందే వాటితో. వాటిని తుడిస్తే ముఖాల మీది ముడతలు, బట్టల నేత, వానజల్లు అన్నీ కలిసి తుడిచిపెట్టుకుపోతాయి. ‘సెవెన్ సమురాయ్’ చివరి పోరు మొత్తం కుండపోత వానలో, బురదలో సాగుతుంది. కురొసావా ఒకేసారి అనేక కెమెరాలు పెట్టి, దూరం నుంచి లాగే లెన్సులతో తీశాడు. అక్కడ వానచినుకూ గ్రెయినూ రెండూ సన్నని చుక్కలే, టీవీకి తేడా తెలియదు.

షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. వివిడ్, డైనమిక్ వంటి పేర్లున్న విధానాలు వద్దు; ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది, లేకపోతే సినిమా మోడ్ ఎంచుకోండి. కలర్ టెంపరేచర్‌ను వార్మ్‌కు మార్చండి. మొదట్లో నలుపు తెలుపు బొమ్మ కాస్త పసుపుగా తోస్తుంది. పది నిమిషాల్లో కళ్లు సర్దుకుంటాయి, ఆ తర్వాత పాత సెట్టింగే నీలంగా కనబడుతుంది. ప్లేయరులో 24పీ అవుట్‌పుట్ (సెకనుకు 24 ఫ్రేములనే పంపే పద్ధతి) ఆన్‌లో ఉందో లేదో చూడండి.

నల్ల పట్టీల గురించి ఇంట్లో తప్పక గొడవ వస్తుంది. “ఇంత పెద్ద టీవీ కొని పైనా కిందా ఖాళీ ఎందుకు?” అని అడుగుతారు. జూమ్ బటన్ వాళ్లకు అందకుండా చూడండి. 2.35:1 చిత్రం మామూలు టీవీలో పూర్తిగా పట్టినప్పుడు తెర ఎత్తులో పావు వంతు ఖాళీగానే ఉంటుంది, ఉండాలి కూడా.

సౌండ్‌బార్ ఉంటే స్టేడియం, హాల్ లాంటి ప్రభావాలు ఆపి, నిశ్శబ్ద దృశ్యాల్లో చిన్న చప్పుళ్లు వినిపించేంత ఎత్తుకు పెట్టండి. చెక్క నేల మీద కాలి మడమ కిర్రుమనడం, బొటనవేలితో కత్తిపిడిని కొద్దిగా తోయడం వంటివి వినబడాలి. పంకా చప్పుడు కూడా అడ్డమే, కానీ మన వేసవిలో దాన్ని ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు.

చూసేటప్పుడు

‘సెవెన్ సమురాయ్’లో దర్శకుడే విశ్రాంతి పెట్టాడు. దాన్ని వాడుకోండి, లేచి టీ పెట్టుకుని రండి. కావాలంటే రెండు రాత్రులుగా చూడండి, తప్పేమీ లేదు. మొదటి సగం మనుషులను పోగుచేయడం, రెండవది పోరు. సమురాయ్‌ల కోసం రైతులు ఊళ్లో వెతికే మొదటి భాగంలో వీధిలో నడిచిపోయే ఒక రోనిన్‌ను గమనించండి. కొన్ని క్షణాలే కనబడతాడు. తర్వాతి దశాబ్దంలో ‘హరాకిరి’ని ఒంటిచేత్తో మోసిన నకడాయ్ అతనే.

సబ్‌టైటిళ్లు చదువుతూ బొమ్మను పోగొట్టుకోవడం అందరికీ ఎదురయ్యేదే. ముఖ్యమైన పోరాట దృశ్యాల్లో మాటలు తక్కువ. అక్కడ చూపు కిందికి దించకండి. ‘హరాకిరి’ మాత్రం మాటల సినిమా, గతమూ వర్తమానమూ కలిసి నడుస్తాయి. పేర్లు కలగాపులగమైతే ఆపి, డిస్కుతో వచ్చిన చిన్న పుస్తకంలో పాత్రల పట్టిక చూసుకోండి. వ్యాఖ్యాన ట్రాకును మొదటిసారి వేయకండి.

పిల్లలతో చూడాలంటే ‘హిడెన్ ఫోర్ట్రెస్’ బాగుంటుంది. ఇద్దరు పిరికి పల్లెటూరి వాళ్లు, ఒక రాకుమారి, దాచిన బంగారం. ‘హరాకిరి’లో వెదురు కత్తి దృశ్యం పెద్దలకే ఓర్చుకోవడం కష్టం.

పెద్ద పెట్టెల జోలికి ఎప్పుడు వెళ్లాలి

విడి చిత్రాలు అరడజను చూశాక వరుసల వైపు మనసు పోతుంది. మూడు పేర్లు చెబుతాను.

జటోయిచి. కళ్లు లేని మర్దనాకారుడు, జూదరి, కత్తివీరుడు. షింతారో కత్సు ఈ పాత్రలో 1962 నుంచి 1973 వరకు 25 చిత్రాలు చేశాడు, మళ్లీ 1989లో ఒకటి. ఆ 25నీ క్రైటీరియన్ 2013లో ఒకే పెట్టెగా తెచ్చింది. మొదటి రెండూ నలుపు తెలుపు, మూడో దాని నుంచి రంగులు. ఒకదాని వెంట ఒకటి చూస్తే పదో సినిమాకు విసుగొస్తుంది, ఎందుకంటే జూదశాల, దుష్ట ముఠా నాయకుడు, చివరి ఊచకోత ప్రతిసారీ ఉంటాయి. నెలకొకటి చొప్పున చూస్తే రెండేళ్లు హాయిగా గడుస్తాయి. మొదటి చిత్రం మాత్రం వరుసలో మిగతావాటికన్నా గంభీరమైనది, దాన్ని చూసి మిగతావీ అలాగే ఉంటాయనుకోకండి.

లోన్ వుల్ఫ్ అండ్ కబ్. 1972 నుంచి 1974 వరకు ఆరు చిత్రాలు; హీరో తొమిసబురో వకయామా షింతారో కత్సుకు స్వయానా అన్న. పసివాడిని తోపుడుబండిలో పెట్టుకుని తిరిగే కిరాయి హంతకుడి కథ. రక్తం ఫౌంటెన్‌లా చిమ్ముతుంది, కాబట్టి భోజనానికి ముందు వద్దు. ‘షోగన్ అసాసిన్’ (1980) అనే పేరు కనబడితే అది వేరే సినిమా కాదు, మొదటి రెండు చిత్రాలను కోసి కలిపి ఇంగ్లీషులో డబ్ చేసినది.

సమురాయ్ త్రయం. హిరోషి ఇనగాకి 1954–56 మధ్య ప్రఖ్యాత ఖడ్గవీరుడు మియమోతో ముసాషి జీవితం మీద తీసిన మూడు రంగుల చిత్రాలు. మొదటిదానికి ఆస్కార్ గౌరవ పురస్కారం వచ్చింది. రంగులు కనులపండుగ, కథనం నిదానం. కురొసావా వేగానికి అలవాటుపడినవారికి ఓపిక కావాలి. నాకు మూడో చిత్రంలోని సముద్రతీరపు ద్వంద్వం ఒక్కటే గట్టిగా నచ్చింది.

డిస్కులు పాడుకాకుండా

అంచులు పట్టుకుని తీయండి, మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి బయటికి తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. పుస్తకాల్లా నిలువుగా పేర్చండి. కోస్తా ఊళ్లలో ఉంటే డిస్కుకన్నా ముందు అట్టలకూ, లోపలి పుస్తకాలకూ బూజు పడుతుంది. బీరువాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మారుస్తూ ఉండండి.

కొత్త డిస్కు రాగానే మొదటి పది నిమిషాలు చూసి పెట్టేయకుండా, మధ్యలోనూ చివరలోనూ కూడా ఆడించి చూడండి. ముద్రణ లోపాలు తరచుగా డిస్కు చివరి భాగంలోనే బయటపడతాయి, వాపసు గడువు దాటాక తెలిస్తే ప్రయోజనం లేదు. పెట్టె కొన్నప్పుడు లోపలి డిస్కులన్నీ ఉన్నాయో లేదో అప్పుడే లెక్కపెట్టండి.

కొనే వరుసలో ఒక చివరి సంగతి. ఈ సంస్థలకు సినిమా హక్కులు జపాన్ స్టూడియోల నుంచి కొంతకాలానికే దొరుకుతాయి. గడువు ముగిస్తే డిస్కు మార్కెట్ నుంచి మాయమై, సెకండ్‌హ్యాండు ధర రెండింతలు మూడింతలు అవుతుంది. ‘సెవెన్ సమురాయ్’, ‘యోజింబో’ లాంటివి ఎవరో ఒకరు ఎప్పుడూ ముద్రిస్తూనే ఉంటారు, వాటికి తొందర లేదు. గోషా, కుదో, ఒకమోతోల చిత్రాలూ, పెద్ద పెట్టెలూ స్టాకులో కనబడినప్పుడే తీసుకోండి.